ఎల్‌పీటీ1 కనబడుటలేదు

సంక్రాంతికి ఇంకా పదిహేను రోజులుంది. నెల్లిమర్ల దారిలో ఒక రైసు మిల్లు. ధాన్యం ట్రాక్టర్లు కాటా దగ్గర నుంచి గేటు దాటి రోడ్డు మీదకు వచ్చేశాయి. లోపల గదిలో గుమస్తా గారు పాత బిల్లు పుస్తకం తీసి, కాగితాల మధ్య నీలం కార్బన్ పెట్టి, చేత్తో చీటీలు రాస్తున్నారు. ఆయనకు ఎడమ పక్కన కొత్త కంప్యూటర్, కుడి పక్కన ఏళ్ల నాటి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. రెండింటికీ దీపాలు వెలుగుతున్నాయి. రెండూ పోట్లాడుకున్న తోడికోడళ్లలా ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాయి.

నేను గడప దాటేసరికి షావుకారు గారు అన్న మొదటి మాట ఇది: "బాబూ, ముందు వచ్చినతను ఇది డాస్ ప్రోగ్రామ్, దీని కాలం చెల్లిపోయింది, మొత్తం మార్చేయండి అన్నాడు. నువ్వు కూడా అదే అనేటట్టయితే ఇప్పుడే చెప్పు. టీ తాగి వెళ్లిపోదువు గాని."

టీ తాగాను, వెళ్లలేదు. డాస్ అంటే విండోస్‌కు ముందు కంప్యూటర్లను నడిపిన వ్యవస్థ. ముందు వచ్చినతను చేసిన పని ఏమిటో చూశాను. కొత్త కంప్యూటర్‌కు పాత ప్రింటర్ పోర్టు లేదు, యూఎస్‌బీ మాత్రమే ఉంది. అందుకని బజారులో దొరికే యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కు మార్చే వైరు ఒకటి తెచ్చి తగిలించాడు. విండోస్ నుంచి పరీక్ష పేజీ కొట్టి చూశాడు, శుభ్రంగా వచ్చింది. కాబట్టి ప్రింటర్ మంచిదే, వైరు మంచిదే, తప్పంతా ప్రోగ్రామ్‌దే అని తీర్పు చెప్పి వెళ్లాడు. అతని లెక్కలో ప్రతి మెట్టూ సరిగ్గానే ఉంది, ఆఖరి మెట్టు ఒక్కటే తప్పు. ఆ ఒక్క మెట్టు ఖరీదు ఒక కొత్త సాఫ్ట్‌వేరు, ఒక కొత్త ప్రింటర్, సీజను మధ్యలో నెల రోజుల గందరగోళం.

విజయనగరంలో కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఇరవై ఏళ్లు దాటాను. ఇన్నేళ్లలో "మార్చేయండి" అనే మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఆ మాట అన్నవాళ్లలో ఎక్కువమందికి ఆ ప్రోగ్రామ్ కాగితం దాకా ఏ దారిన వెళ్తుందో తెలియదు. "నాకు తెలియదు" అనడానికి నామోషీ పడి, "దీని కాలం అయిపోయింది" అంటారు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు ఉంటుంది ఆ సలహా.

ఇంకా ఈ రోజుల్లో డాస్ ఎవరు వాడుతున్నారు అని బస్తీలో కూర్చున్నవాళ్లు నవ్వుతారు. మా వైపు రండి, చూపిస్తాను. రైసు మిల్లుల కాటా గదుల్లో ఉంది. పలాసలో జీడిపప్పు వ్యాపారుల దగ్గర ఉంది. లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో, టోకు మందుల దుకాణాల్లో ఉంది. చాలావరకు ఫాక్స్‌ప్రోలోనో క్లిప్పర్‌లోనో రాసినవి; రెండూ లెక్కల ప్రోగ్రాములు రాసుకునే సాధనాలు. క్లిప్పర్ 1985లో వచ్చింది. ఫాక్స్‌ప్రో తయారుచేసిన కంపెనీని 1992లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. ఆ తర్వాతి కొన్నేళ్లలో విశాఖపట్నంలోనో ఇక్కడో డిప్లొమా చదివిన కుర్రాళ్లు ఈ రెండింటిలో వందల దుకాణాలకు ప్రోగ్రాములు రాసిపెట్టారు. రాసినవాళ్లు హైదరాబాదుకో అమెరికాకో వెళ్లిపోయారు. ప్రోగ్రాములు ఇక్కడే ఉండిపోయి పని చేస్తున్నాయి.

మిల్లు గుమస్తా గారి వేళ్లు చూడండి, ఎందుకు ఉండిపోయాయో తెలుస్తుంది. ఆయన తెర వైపు చూడరు. చూపు కిటికీ బయట కాటా మీద ఉంటుంది. ఎఫ్2, బండి నంబరు, ఎంటర్, బస్తాలు, ఎంటర్, బరువు, ఎంటర్, తరుగు, ఎంటర్, ఎంటర్. ఆఖరి ఎంటర్ కొడుతూనే కుడిచెయ్యి ప్రింటర్ మీదకు వెళ్తుంది, చీటీ పైకి రావడం చింపడం ఒకేసారి అవుతాయి. మూడు పొరల కాగితం: తెల్లది రైతుకు, గులాబీది డ్రైవరుకు, పసుపుది ఆఫీసుకు. సూదులు గుద్దితే తప్ప మూడో పొర మీద అక్షరం పడదు కాబట్టి ఇక్కడ లేజర్ ప్రింటర్ దేనికీ పనికిరాదు. మౌసు పట్టుకుని బొమ్మల మీద నొక్కే కొత్త ప్రోగ్రామ్ ఇదే పనిని ఎంతసేపట్లో చేస్తుందో ఆయన ఒకసారి చూశారు. చూసి ఏమీ అనలేదు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

సరే, అసలు సంగతికి వస్తాను. డాస్ కాలపు ప్రోగ్రామ్‌కు ప్రింటర్ అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది ఒక గుమ్మం పేరు మాత్రమే: ఎల్‌పీటీ1. కంప్యూటర్ వెనక ఇరవై ఐదు రంధ్రాల పోర్టు ఉండేది, దాని చిరునామా పదహారు ఆధారపు లెక్కలో 378. ప్రోగ్రామ్ అక్షరాలను ఒకటొకటిగా ఆ గుమ్మంలో పెట్టి వస్తుంది. తీసుకునేది ఎవరు, ఏ కంపెనీ ప్రింటర్, ఇవేవీ దానికి అక్కర్లేదు. విండోస్ లెక్క వేరు. దానికి ప్రతి ప్రింటర్‌కూ ఒక డ్రైవరు (ఆ ప్రింటర్‌ను నడిపే చిన్న ప్రోగ్రామ్) ఉండాలి, ఒక పోర్టు ఉండాలి. యూఎస్‌బీ వైరు తగిలిస్తే విండోస్ ఆ పోర్టుకు పెట్టే పేరు యూఎస్‌బీ001. వైరు ఒక చివర చూడటానికి అచ్చం పాత ప్యారలల్ మూతిలాగే ఉంటుంది. కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ మోసపోయేది అక్కడే. రెండో చివర పుట్టేది ఎల్‌పీటీ1 కాదు. ప్రోగ్రామ్ రోజూ పెట్టే చోటే చీటీ పెడుతోంది, ఆ చోట గుమ్మమే లేదు.

దీనికి మందు పాతికేళ్లుగా ఒకటే. ప్రింటర్‌ను నెట్‌వర్కులో పంచుకునేలా పెట్టి, దానికి ఖాళీలు లేని, ఎనిమిది అక్షరాలు మించని పేరు ఒకటి ఇవ్వాలి. తర్వాత నల్ల తెర (కమాండ్ ప్రాంప్ట్) తెరిచి ఈ ఒక్క వరుస కొట్టాలి:

నెట్ యూజ్ ఎల్‌పీటీ1: \\మిల్లు\టీవీఎస్ /పర్సిస్టెంట్:యెస్

కంప్యూటర్‌కు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి సుమా. తెలుగులో ఎందుకు రాశానో తర్వాత చెబుతాను. ఇందులో మిల్లు అనేది కంప్యూటర్ పేరు, టీవీఎస్ అనేది పంచుకున్న ప్రింటర్‌కు మనం పెట్టిన పేరు. ఇక ఎల్‌పీటీ1లో ఏది పెట్టినా విండోస్ దాన్ని నెట్‌వర్కు దారిన తిప్పి ఆ ప్రింటర్‌కు చేరుస్తుంది. ప్రింటర్ అదే కంప్యూటర్‌కు తగిలించి ఉన్నా సరే, తన ఇంటికి తానే ఉత్తరం రాసుకున్నట్టు అన్నమాట.

ఈ వరుస కొట్టినప్పుడు ఎదురయ్యే తప్పు సంఖ్యలను చూసి చాలామంది తెర మూసేస్తారు. నాకు మాత్రం అవి నాడిలాంటివి. 53 అంటే ఆ పేరు గల కంప్యూటరే కనబడలేదు, వైరో స్విచ్చో ఫైర్‌వాలో చూసుకో అని. 67 అంటే కంప్యూటర్ దొరికింది గాని ఆ పేరుతో ప్రింటర్ లేదు, పేరులో అక్షరం తప్పు పడి ఉంటుంది. 85 అంటే ఎల్‌పీటీ1ను ఇదివరకే ఇంకెవరికో కట్టేశావు, ముందు అది విప్పు అని. విప్పడానికి నెట్ యూజ్ ఎల్‌పీటీ1: తర్వాత /డిలీట్ అని కొట్టాలి. ఇంత స్పష్టంగా మనుషులు కూడా చెప్పరు.

ఇంకొకటి. ప్రోగ్రామ్‌ను తప్పు పట్టే ముందు నల్ల తెర మీద డిర్ అని కొట్టి, బాణం గుర్తు (>) పెట్టి, ఎల్‌పీటీ1 అని రాసి ఎంటర్ నొక్కండి. ఆ ఫోల్డరులోని ఫైళ్ల పట్టిక కాగితం మీద వచ్చిందంటే దారి బాగుంది, ప్రోగ్రామ్ సంగతి చూడాలి. రాలేదంటే ప్రోగ్రామ్ నిర్దోషి. అర నిమిషం పని. ఆ అర నిమిషం పెట్టకుండా లక్ష రూపాయల సలహా ఇచ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు మిల్లులో పట్టిక రాలేదు. పైన చెప్పిన వరుస కొట్టాక వచ్చింది. టీ గ్లాసు ఇంకా గోరువెచ్చగానే ఉంది.

అన్నీ ఇంత సులువుగా తేలవు. బొబ్బిలిలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నన్ను మూడుసార్లు తిప్పింది. ఫిర్యాదు ఏమిటంటే, కరెంటు పోతే లారీ రసీదు రాదు. దీనికి కంప్యూటర్ మనిషి ఎందుకు, కరెంటు పోతే ఏదీ రాదు కదా అని ఫోనులో నవ్వాను. "లేదండీ, కంప్యూటర్‌కూ ప్రింటర్‌కూ ఇన్వర్టర్ ఉంది. రెండూ వెలుగుతూనే ఉంటాయి. రసీదు ఒక్కటే రాదు" అన్నాడు మేనేజరు. వెళ్లాను. నేను వెళ్లినప్పుడల్లా కరెంటు ఉండేది, రసీదులు జలజలా వచ్చేవి. రెండుసార్లు అలాగే తిరిగి వచ్చాను. రానూపోనూ బస్సు ఛార్జీలు, వాళ్ల ముందు చిన్నబోవడం నా ఖాతాలో.

మూడోసారి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. కరెంటు పోయింది. పైన ఫ్యాను ఆగింది, కంప్యూటర్ తెర వెలుగుతూనే ఉంది, ప్రింటర్ పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. అప్పుడు ఎదుటి గోడ మీద, దేవుడి పటం కింద, ఒక చిన్న నల్ల డబ్బా మీద మిణుకుమిణుకుమంటూ ఉండే నాలుగు దీపాలు ఆరిపోయి కనిపించాయి. కంప్యూటర్లను కలిపే నెట్‌వర్కు స్విచ్చు. దాన్ని ఇన్వర్టర్ లేని ప్లగ్గుకు పెట్టారు. ప్రింటర్ ఈ కంప్యూటర్‌కే తగిలించి ఉంది, రసీదు గది దాటి వెళ్లాల్సిన పనే లేదు. కానీ ఎల్‌పీటీ1ను కట్టింది నెట్‌వర్కు పేరుకు. స్విచ్చు ఆరగానే విండోస్ దృష్టిలో వైరు ఊడిపోయినట్టే, వైరు ఊడితే నెట్‌వర్కు లేనట్టే, నెట్‌వర్కు లేకపోతే తన పేరు తనకే గుర్తుండదు. ఇంట్లో ఉన్న మనిషికి ఇంట్లోంచే రాసిన ఉత్తరం, తపాలా ఆఫీసు మూసేశారని ఆగిపోయింది.

స్విచ్చును ఇన్వర్టర్ ప్లగ్గుకు మార్చడం ఒక దారి. నేను రెండోది కూడా చేశాను: విండోస్‌లోనే లూప్‌బ్యాక్ అడాప్టర్ అని ఒకటి ఉంటుంది, ఏ వైరూ అక్కర్లేని ఉత్తుత్తి నెట్‌వర్కు కార్డు. అది పెట్టి, దానికి ఒక చిరునామా ఇస్తే, బయట స్విచ్చు ఉన్నా పోయినా కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకోగలుగుతుంది. ఆ ఆఫీసువాళ్లు అప్పటికే రెండు ప్రింటర్లు మార్చారు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అంటే ఇదే. పాపం ఆ ప్రింటర్లు ఏం చేశాయి.

ఇంకో రకం ఉంది. "చీటీ రావడం లేదు" అంటారు. వెళ్లి చూస్తే వస్తుంది, కాకపోతే తీరిగ్గా వస్తుంది. లేదా ప్రోగ్రామ్ మూసేయగానే నాలుగు చీటీలు ఒకేసారి వస్తాయి. డాస్ ప్రోగ్రామ్ అక్షరాలు పెట్టి ఊరుకుంటుంది, "అయిపోయింది" అని చెప్పదు. విండోస్ ఇంకా ఏమైనా వస్తుందేమోనని ఎదురుచూస్తుంది. ఎంతసేపు చూడాలో, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఎల్‌పీటీ_టైమౌట్ అనే చోట రాసి ఉంటుంది. దాన్ని తగ్గిస్తే సరిపోతుంది. ఇద్దరు మర్యాదస్తులు తలుపు దగ్గర "మీరు ముందు, మీరు ముందు" అనుకుంటూ నిలబడినట్టుంటుంది ఈ వ్యవహారం.

లేజర్ ప్రింటర్ కొనుక్కొచ్చి డాస్ ప్రోగ్రామ్‌కు తగిలించేవాళ్లది మరో తంతు. చౌక లేజర్లలో చాలావాటికి సొంతంగా అక్షరాలు రావు. పేజీ మొత్తాన్ని విండోస్ బొమ్మగా గీసి పంపితేనే అచ్చు వేస్తాయి. డాస్ పంపే ఉత్త అక్షరాలు వాటికి అర్థంకాని భాష, కాబట్టి నోరు మెదపవు. అక్షరాలు అర్థమయ్యే లేజరే దొరికినా, సగం పేజీ నింపుకుని దీపం మిణుకుమిణుకుమంటూ ఆగిపోతుంది. పేజీ అయిపోయిందని ఎవరో చెప్పాలి. ఆ చెప్పే సంకేతం 12వ నంబరు. చుట్ట కాగితం మీద చీటీలు కొట్టడానికి రాసిన ప్రోగ్రామ్ ఆ నంబరు ఎందుకు పంపుతుంది? ఇక లెక్కల పట్టికల చుట్టూ గీతలు ఉండాల్సిన చోట నెత్తిన రెండు చుక్కలున్న ఇంగ్లీషు ఏ అక్షరాలు బారులు తీరుతాయి. అవి గీతలే. డాస్ కాలం 437 అక్షరపట్టికలో 196వ నంబరు అంటే అడ్డగీత. విండోస్ పట్టికలో అదే నంబరుకు ఆ చుక్కల ఏ ఉంది. నంబరు మారలేదు, చదివేవాడు మారాడు.

పలాస సంగతి చెప్పాలి, అది నాకు ఇష్టమైనది. ఒక జీడిపప్పు వ్యాపారి. ముందే అచ్చువేయించిన బిల్లు కాగితం వాడతారు: పైన వేంకటేశ్వరస్వామి బొమ్మ, కింద కంపెనీ పేరు, కింద గడులు. రెండు పక్కలా చిల్లులతో మడతలు పడుతూ వచ్చే కాగితం. ఒక సర్వీసు తర్వాత నుంచి మొదటి బిల్లు సరిగ్గా వస్తుంది. రెండో బిల్లులో అక్షరాలు ఒక అంగుళం పైకి జరుగుతాయి. మూడోదానికి రెండు అంగుళాలు. నాలుగో బిల్లుకు కొన్నవారి పేరు నేరుగా స్వామివారి పాదాల మీద. వ్యాపారి భక్తుడు, ఆ కాగితాలు చింపలేక కట్టకట్టి అటక మీద పెట్టించాడు. ఆరు నెలల పాటు ఒక కుర్రాడు ప్రతి బిల్లుకూ ముందు ప్రింటర్ పక్కన పిడి తిప్పి కాగితాన్ని సరిచేస్తూ కూర్చున్నాడు. అదే అతని ఉద్యోగం.

కాగితం కొలిచాను. మడత నుంచి మడతకు 12 అంగుళాలు. ప్రింటర్ లోపలి సెట్టింగు చూశాను. సర్వీసులో అన్నీ మొదటి స్థితికి పోయి, పేజీ పొడవు 11 అంగుళాలకు వచ్చి కూర్చుంది. అంగుళానికి 6 వరుసలు. కాగితానికి 72 వరుసలు ఉంటే ప్రింటర్ 66కే పేజీ అయిపోయిందనుకుని ఆగుతోంది. పేజీకి ఆరు వరుసల తేడా, అంటే సరిగ్గా ఒక అంగుళం. ప్రింటర్ మీది మీటలు నొక్కి మార్చవచ్చు, కానీ మళ్లీ ఎవరైనా సర్వీసు చేస్తే మళ్లీ మొదటికొస్తుంది. అందుకని మూడే మూడు బైట్ల ఫైలు ఒకటి తయారుచేశాను: 27, 67, 72. ఎప్సన్ కంపెనీ పెట్టిన సంకేత భాషలో దాని అర్థం, "పేజీకి 72 వరుసలు". టీవీఎస్ అయినా మరొకటి అయినా మన దగ్గర దొరికే డాట్ మ్యాట్రిక్స్‌లు చాలావరకు ఆ భాషే మాట్లాడతాయి. ప్రోగ్రామ్ మొదలుపెట్టే బ్యాచ్ ఫైలులో (ఆజ్ఞలు వరుసగా రాసి ఉండే ఫైలు), ప్రోగ్రామ్ కంటే ముందు, ఈ ఫైలును ఎల్‌పీటీ1కు కాపీ చేయమని ఒక వరుస చేర్చాను. బిల్లులు కదలకుండా నిలబడ్డాయి. పిడి తిప్పే కుర్రాడు నా వైపు అదోలా చూశాడు. తర్వాత గోదాములో లెక్కలు చూసే పనికి మార్చారని తెలిసి మనసు కుదుటపడింది.

నెట్‌వర్కు గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే అక్కడ నాకే భయం. ఈ ప్రోగ్రాములు లెక్కలు దాచేది డీబీఎఫ్ అనే ఫైళ్లలో. రెండు మూడు కంప్యూటర్లు ఒకే డీబీఎఫ్ ఫైళ్ల మీద పనిచేస్తే ఇండెక్సులు, అంటే లెక్కలను వెతికిపెట్టే సూచికలు, పాడవుతాయి. ఒక కంప్యూటర్ వేగం కోసమని మార్పులను తన దగ్గరే దాచుకుంటే, రెండోది పాత లెక్క చూసి దాని మీద రాసేస్తుంది. ఆ దాచుకునే అలవాటును మాన్పించాలి. ఒకేసారి తెరిచే ఫైళ్ల సంఖ్యను, డాస్ ప్రోగ్రాముల సెట్టింగులుండే కాన్ఫిగ్.ఎన్‌టీ ఫైలులో పెంచాలి. ఇవి చేయదగ్గవే. చేయకూడనిది ఒకటుంది. కొత్త కంప్యూటర్‌కు పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ కనబడటం లేదని, నెట్‌వర్కులో ఫైళ్లు పంచుకునే ఎస్ఎమ్‌బీ1 అనే పాత పద్ధతిని మళ్లీ తెరిచిపెట్టడం. 2017 మేలో లోకమంతా కంప్యూటర్లకు తాళాలు వేసిన వన్నాక్రై అనే దొంగ ప్రోగ్రామ్ ఆ సందులోంచే దూరింది. అదే ఏడాది చివర నుంచి విండోస్ 10 దాన్ని కొత్తగా పెట్టే కంప్యూటర్లలో మూసే ఇస్తోంది. దాన్ని తెరవడం రెండు నొక్కుల పని. ఆ రెండు నొక్కులూ నొక్కి డబ్బులు తీసుకుని వెళ్లేవాళ్లు నాకు తెలుసు. 2021 సెప్టెంబరులో ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత పంచుకున్న ప్రింటర్లన్నీ 0ఎక్స్0000011బీ అనే తప్పు సంఖ్యతో అరవడం మొదలుపెట్టాయి. ఆ వారం అన్నం తినే తీరిక లేదు. రక్షణను తగ్గించే ఒక రిజిస్ట్రీ మార్పుతో ఆ అరుపు ఆగిపోతుంది. నేనూ రెండుచోట్ల చేశాను, దాచడం దేనికి. తర్వాత వెళ్లి ఆ రెండూ వెనక్కి తీసుకున్నాను. పాత ప్రోగ్రామ్ ఉన్న కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఇవ్వకండి, ప్రింటర్‌ను దానికే తగిలించండి. నా దగ్గరున్న భద్రతాశాస్త్రం ఇంతే, దీన్ని ఎవరైనా పాటించగలరు.

మా బావమరిది కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేరు అమ్ముతాడు. పండక్కి వచ్చినప్పుడల్లా అంటాడు: "బావా, నువ్వు చేసేది శవానికి వైద్యం. 64 బిట్ల విండోస్‌లో డాస్ ప్రోగ్రామ్ అసలు నడవదు. విండోస్ 11 వచ్చేదే 64 బిట్లలో. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు అయిపోయింది. జీఎస్‌టీ వచ్చి ఎన్నేళ్లయింది? ఇంకా ఎన్నాళ్లు?"

వాడు చెప్పినవన్నీ నిజాలే. డాస్ ప్రోగ్రాములను నడిపే ఎన్‌టీవీడీఎమ్ అనే భాగం 32 బిట్ల విండోస్‌లోనే ఉంది. 64 బిట్లలో నడపాలంటే డాస్‌ను అనుకరించే వీడాస్ లాంటిదో డాస్‌బాక్స్-ఎక్స్ లాంటిదో కావాలి. మామూలు డాస్‌బాక్స్ ఆటల కోసం పుట్టింది, దానికి ప్రింటింగ్ పట్టదు. వీడాస్, డాస్‌బాక్స్-ఎక్స్ మాత్రం ఎల్‌పీటీ1కు వచ్చే అక్షరాలను పట్టుకుని విండోస్ ప్రింటర్‌కు అందిస్తాయి. రెండు మిల్లుల్లో పెట్టాను, నడుస్తున్నాయి. జీఎస్‌టీ 2017 జులై 1 నుంచి, ఈ-వే బిల్లు 2018 ఏప్రిల్ 1 నుంచి వచ్చాయి. ఆ పనులు పాత ప్రోగ్రామ్‌తో కావు, చేయించాలని చూడటం మూర్ఖత్వం. పన్ను బిల్లులకు కొత్త సాఫ్ట్‌వేరు కొనండి అని నేనే చెబుతాను, కొన్నిసార్లు బావమరిది దగ్గరకే పంపుతాను. కానీ కాటా చీటీకి జీఎస్‌టీతో పనేముంది? లెక్కలు బందీ అయిపోయాయి అనే మాట కూడా నేను ఒప్పుకోను. డీబీఎఫ్ ఫైలును ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే వరుసలూ గడులూ కళ్ల ముందుంటాయి. బయటికి రావాలనుకున్న రోజున రావచ్చు. ధాన్యం బళ్లు గేటు బయట ఉన్న రోజున రానక్కర్లేదు.

నేనే "తీసేయండి" అన్న సందర్భం కూడా ఒకటుంది. రాజాంలో ఒక దుకాణం. ప్రోగ్రామ్ నడవాలంటే ప్యారలల్ పోర్టుకు ఒక చిన్న తాళం బిళ్ల తగిలించి ఉండాలి. ఆ బిళ్ల ఒక్కటే ఉంది, ఇచ్చినవాళ్ల జాడ లేదు. అది ఒక ఉరుముల సాయంత్రం కాలిపోతే దుకాణం మూసుకోవాల్సిందే. ఆ రోజే లెక్కలన్నీ బయటికి తీసి కొత్తదానికి మార్పించాను. బావమరిదికి ఇది చెప్పలేదు, సంతోషపడతాడు.

నాకు బావమరిదితో పేచీ సాఫ్ట్‌వేరు గురించి కాదు. అతను అమ్మిన కొత్త సాఫ్ట్‌వేరు సెట్టింగులు కూడా ఎక్కడా రాసి లేవు, అదీ నా గొడవ. పోర్టు పేరు, పంచుకున్న పేరు, పేజీ పొడవు, ఏ బ్యాచ్ ఫైలు ఎక్కడుందో, ఇవన్నీ ఎవరో ఒకరి బుర్రలో ఉంటాయి. ఆ మనిషి ఊరు మారితే మంచి ప్రోగ్రామ్ కూడా ఆ రోజే ముసలిదైపోతుంది. మిల్లులో పని అయ్యాక గుమస్తా గారితో అదే చెప్పాను: "ఈ వరుస ఎక్కడైనా రాసిపెట్టుకోండి." ఇంగ్లీషులో రాసిన చీటీ ఇవ్వబోయాను. ఆయన వద్దన్నారు. "నువ్వు చెప్పు, నేను రాసుకుంటాను. నా రాత అయితే నాకు దొరుకుతుంది" అని కాటా ఖాతా పుస్తకం తీసి, అట్ట లోపలి వైపు, నీలం సిరాతో, తెలుగులో రాసుకున్నారు. పైన నేను రాసింది చాలావరకు ఆయన రాతే. గుర్తులు మాత్రం మాటల్లో రాసుకున్నారు: "నెట్ యూజ్. ఖాళీ. ఎల్ పీ టీ ఒకటి. నిలువుగా రెండు చుక్కలు. ఖాళీ. ఎడమకు వాలిన గీతలు రెండు. మిల్లు. ఎడమకు వాలిన గీత ఒకటి. టీవీఎస్." కింద చిన్న అక్షరాలతో, "కుడికి వాలినది కొట్టరాదు".

రెండేళ్ల తర్వాత, సిరిమాను సంబరం అయిన మర్నాడు, ఆ మిల్లు నుంచి ఫోను వచ్చింది. గుమస్తా గారు పని మానేసి విశాఖపట్నంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారట. కొత్త కుర్రాడు మాట్లాడుతున్నాడు. కంప్యూటర్ ఫార్మాట్ చేశారట, చీటీలు రావడం లేదట. నేను ఇంకా చెప్పబోయేలోగా, "ఆగండి సార్, పుస్తకంలో ఏదో రాసి ఉంది" అన్నాడు. కాగితం తిప్పిన చప్పుడు. ఒక్కొక్క మాటా పైకి చదువుతూ కొట్టడం మొదలుపెట్టాడు. "గీతలు రెండు..." అని ఆగాడు. "సార్, 67 అంటోంది."

"టీవీఎస్ ముందు కొట్టిన గీత ఎటు వాలింది?"

కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత మీటల టకటక, ఒక ఎంటర్, ఒక క్షణం నిశ్శబ్దం, ఆపైన ఫోనులోంచి ప్రింటర్ కర్రుకర్రుమంటూ మొదలైంది. దూరంగా ఎవరో కళాసీ "వచ్చింది, వచ్చింది" అన్నాడు. కుర్రాడు నాకు చెప్పకుండానే ఫోను పెట్టేశాడు.